అమ్మమ్మ కట్టిన కహరుబా పూస

ఆ రోజుల్లో మా సిరిసిల్లలో ఇద్దరికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు: నక్సలైట్ల కోసం బస్సులాపి సోదా చేసే పోలీసులకు, మా అమ్మమ్మకు. (పోలీసులు ఒక్కోసారి విడిచిపెట్టేవాళ్లు.)

చదువు అయిపోయిన ఏడు నాకు కామెర్లు వచ్చాయి. ఆస్పత్రి మందులతో తగ్గాయి గానీ అమ్మమ్మ నమ్మలేదు. కోరుట్లలో అత్తరు అమ్మే సాయిబు దగ్గర కహరుబా పూస తెచ్చి నా మెడకు కట్టింది. ఏనాటి చెట్టు బంకో గట్టిపడి రాయైన పసుపు పూస అది. కొంగుకు రుద్ది దగ్గర పెడితే మగ్గం కింది దూది ఎగిరొచ్చి అంటుకునేది. దూదిని లాగేది ఒంట్లో పసుపును లాగదా అని ఆమె వాదం. పూస రంగు ముదిరితే రోగం అందులోకి దిగినట్టట. అప్పటిదాకా గడప దాటొద్దంది.

ఆ వచ్చే సోమవారమే జగిత్యాలలో ఒక బడివాళ్లు టీచరు ఉద్యోగానికి రమ్మన్నారు. పోకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఎలాగైనా పోయి తీరాలనుకున్నాను. పూస తనంతట ముదరకపోతే నేనే ముదిరిస్తానని వంటింట్లో పసుపు తడిపి దానికి బాగా పట్టించాను. అమ్మమ్మ దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి ఏడ్చినంత పని చేసింది. బయటికే ఇంత వస్తే లోపల ఇంకెంత ఉందో, మరో పక్షం రోజులు కదలొద్దంది. (నా తెలివి అంతవరకే.)

సోమవారం పొద్దున చెప్పులు వేసుకున్నాను.

"నేను పోత అమ్మమ్మా. నువ్వు కోపం జేసినా పోత."

ఆమె కొంగు బిగించి నా వెనకే బస్సెక్కింది, పూసకు కాపలాగా.

కొడిమ్యాల దాటాక పోలీసులు అందరినీ దింపి సంచులు వెతికారు. ఒక కుర్ర కానిస్టేబుల్ నా మెడలో పూస చూసి ఇదేమిటని గద్దించాడు. ఇక్కడ నిలబెడితే ఉద్యోగం పోయినట్టే. అమ్మమ్మ ముందుకొచ్చి, తుపాకీని పట్టించుకోకుండా, అతని కంటిరెప్ప కిందికి లాగి చూసింది.

"నీకు గూడ కామెర్లున్నయి కొడుకా. మీ అమ్మకు ఎరుకేనా?"

అతను బిక్కమొహం వేశాడు. అన్నం సయించట్లేదని, ఎవరికీ చెప్పలేదని మెల్లగా అన్నాడు. అమ్మమ్మ నా పూస విప్పి అతని మెడకు కట్టి, దవాఖానకు కూడా పొమ్మని చెప్పింది. మమ్మల్ని ఎవరూ మళ్లీ ఏమీ అడగలేదు. బస్సు కదిలాక, అన్నాళ్లూ ఆ పూసను తిట్టుకున్న నేనే, మరి నాకెట్ల అని అడిగాను.

"నువ్వు కొట్లాడి బస్సెక్కినవ్ బిడ్డా. ఆ పోరడు నిలవడలేకపోతున్నడు."

అలా అన్నదే గానీ, జగిత్యాల వచ్చేదాకా నా మెడ మీద పూస ఉండే చోట తన అరచెయ్యి ఆనించే ఉంచింది.

ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా పిల్లల చేత దువ్వెన తలకు రుద్దించి, కాగితం ముక్కలను లేపించి, ఇది విద్యుత్తు, మహిమ కాదని గట్టిగా చెప్పాను. ఇప్పుడు ఒంట్లో బాగా లేకపోతే మాత్రం నా చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోతుంది. నాలోని ఆ టీచరమ్మను చూసి నవ్వుకుంటాను, చెయ్యి మాత్రం తియ్యను.