ఫ్యూజులో లావు తీగ

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మాది ఒంటిగది ఇల్లు. సగం మగ్గం గుంట, మిగతా సగం నూలు కట్టలు, కొత్తగా కొన్న కరెంటు పొయ్యి. ఆ పొయ్యి వెలిగించినప్పుడల్లా ఫ్యూజు పోయేది. విసిగిపోయిన మా నాయన ఒకరోజు పొద్దున సన్నతీగ తీసేసి, అక్కడ లావు రాగితీగ చుట్టి ఆదోనికి వెళ్లాడు. ఇక కరెంటు పోలేదు. నాకెంతో సంతోషమనిపించింది.

మధ్యాహ్నం మా అవ్వ గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. పొయ్యి మీద గంజి కాగుతోంది, నేను నూలు తడుపుతున్నాను. ఉన్నట్టుండి రబ్బరు కాలిన వాసన వచ్చింది. తలెత్తి చూస్తే, నూలు కట్టల పైన గోడ వెంట పోయే వైరు నల్లబడి పొగలు కక్కుతోంది. అవ్వకు చూపు తక్కువ. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప గుంటలోంచి లేవలేదు. తడిచేతులతోనే స్విచ్ వైపు పరిగెత్తాను.

“ఆడే నిలబడు. చేతులు తడిగా ఉండాయి, దాన్ని ముట్టొద్దు.”

వాసన పట్టి వచ్చిన పక్కింటి అక్క వాకిట్లో ఉంది. మోటార్లు బాగుచేసే వాళ్ల నాయన దగ్గర పని నేర్చిన మనిషి. ఎండిన చెక్కపీట మీద నిలబడి, కర్రతో మెయిన్ స్విచ్ కిందికి లాగింది. ఇద్దరం కలిసి అవ్వను పైకి లేపాం. అప్పటికే పైనున్న కట్ట అంచు మాడింది. ఆ పూట అవ్వ నా చెయ్యి వదల్లేదు.

సాయంత్రం నాయన వచ్చాడు. గొడవవుతుందని నేను అవ్వ వెనక నక్కాను. అక్క మాత్రం గొంతు పెంచలేదు. గిన్నెలు తోమే ఇనుప పీచులోంచి ఒక్క పోగు లాగి, టార్చి సెల్లు రెండు చివరలకూ ఆనించింది. అది ఎర్రగా కాగి పుటుక్కున తెగింది. తర్వాత లావు తీగ ఆనించి పట్టుకుంది. తీగ తెగలేదు. కాసేపటికి సెల్లు నాయన చేతిలో పెడితే ఆయన ఉలిక్కిపడ్డాడు. అది కాలుతోంది.

“సన్నతీగ కరెంటుకు ఎక్కువ అడ్డం పడతాది చిన్నాయనా. అందుకే ముందు అది కాగి తెగిపోతాది. నువ్వు పెట్టింది తెగదు. ఇంక కాగేది గోడ మీది వైరే.”

నాయన మాడిన కట్ట వంక, అవ్వ వంక చూశాడు. “నా తప్పేనమ్మా,” అన్నాడు మెల్లగా. పొయ్యికి వేరే వైరు వేయించేదాకా గంజి కట్టెల మీదే కాచాం.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్యూజు బదులున్న స్విచ్ దానంతటదే పడిపోతే పిల్లలు విసుక్కుంటారు. ఎందుకు పడిందో తెలిసేదాకా నేను దాన్ని పైకెత్తనివ్వను. ముసలామె చాదస్తం అంటారు. ఆ మధ్యాహ్నపు భయం నాలో ఇంకా ఉంది. దాన్ని పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.