మడ్‌గార్డులు లేని బండి

దేవమ్మకు కోపం వస్తే గోడతో మాట్లాడుతుంది. జహీరాబాద్ దాటాక మొగుడంపల్లి వైపు వెళ్ళే తోవలో ఉన్న ఆ ఇంట్లో అది పిచ్చి కాదు, పద్ధతి. తమ్ముడి భార్య బావగారి ముఖం చూసి మాట్లాడకూడదు. చెప్పేదేమైనా ఉంటే తల మీదికి కొంగు లాక్కుని, పక్కకు తిరిగి, గోడకో గొడ్డుకో చెప్పుకోవాలి. బావ చెన్నబసప్ప కూడా ఆ గోడకే జవాబిచ్చేవాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ దేవమ్మ కష్టం సుఖం అన్నీ విన్నది ఆ మట్టిగోడే. దానికి నోరుంటే చెన్నబసప్ప పరువు ఎప్పుడో బజారున పడేది.

ఆ గోడ విన్నదాంట్లో ఎక్కువ భాగం నీలమ్మ సంగతే. నీలమ్మ దేవమ్మకు ఒక్కగానొక్క కూతురు. పాలు తాగే వయసులో జ్వరం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి, కుడిచేతిలో కూడా సత్తువ పోయింది. దవాఖానలు తిరిగారు, దర్గాకు పోయారు, తాయెత్తులు కట్టారు. కాళ్ళు రాలేదు గానీ పిల్లకు బుద్ధి, నోరు మాత్రం నలుగురికి సరిపడా వచ్చాయి. మోయగలిగినంత కాలం దేవమ్మ చంకనెత్తుకుని తిప్పింది. పిల్లకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తల్లి నడుము పట్టేసింది. భర్త సంగప్ప మంచివాడే, కానీ అన్న ముందు నోరు పెగలని మంచివాడు. అలాంటి మంచితనం ఉంటే ఎంత, లేకుంటే ఎంత.

ఎనభైల మొదట్లో ఒక ఎల్ల అమాస నాడు ఏం జరిగిందో ముందు చెప్పాలి. చలికాలంలో జొన్న కంకి వేసే వేళకు వచ్చే ఆ అమావాస్య నాడు అక్కడ ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని చేనుకు పోతారు. జొన్నదంట్లతో చిన్న గుడిసె వేసి, సున్నం పూసిన ఐదు రాళ్ళు నిలిపి మొక్కుతారు. సర్వ నిండా అంబలి పట్టుకుని, కేకలు వేస్తూ, చేను చుట్టూ తిరిగి చల్లుతారు. ఆ తర్వాత ఆకుకూరలూ పచ్చి గింజలూ కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టెలు గట్టు మీదనే కూర్చుని తింటారు. ఆ పూట ఇంట్లో తిన్నవాడిని పండుగ చేసుకున్నవాడని ఎవరూ అనరు.

దేవమ్మ ఆ రోజు కూతురికి కొత్త లంగా తొడిగి బండిలో కూర్చోబెట్టింది. చెన్నబసప్ప ఎద్దుల నొసటికి బొట్టు పెడుతూ పెడుతూ ఆగాడు.

"పండుగ పూట కుంటిదాన్ని బండెక్కిస్తే చేను గూడ కుంటుతది," అన్నాడు ఎద్దులతో. "దింపున్రి. దానికి చేన్ల ఏం పని? యాడికి పోయేదున్నది?"

సంగప్ప పిల్లను దింపాడు. పొరుగింటి తాజ్ బేగం వచ్చి నీలమ్మను తన వాకిట్లో కూర్చోబెట్టుకుంది. పొద్దుగూకాక దేవమ్మ టిఫిన్ డబ్బాలో భజ్జి తెచ్చింది. నీలమ్మ మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది.

"సల్లగైంది," అంది. "అయినా చేన్ల తింటెనే రుచి అంటరు గదనే."

ఎద్దులకు బొట్టు పెట్టి, రాళ్ళకు సున్నం పూసి, పురుగూ పిట్టా కూడా తినాలని చేనంతా అంబలి చల్లే ఇంట్లో ఒక్క ఆడపిల్లకు గట్టు మీద చోటు లేకపోయింది. ఎవరి పండుగ ఇది, ఎందుకు ఇది? ఆ రాత్రే దేవమ్మ గోడ దగ్గర నిలబడి గట్టిగానే చెప్పింది.

"వచ్చే ఎల్ల అమాసకు నా బిడ్డ చేన్లకొస్తది. ఎవ్వరి ఎద్దుల కాళ్ళు మొక్కకుండ వస్తది."

"మోసుకపోతదేమో, మోసుకపోనియ్యి," అన్నాడు చెన్నబసప్ప, అదే గోడతో.

మోసుకుపోయే రోజులు దాటిపోయాయని ఇద్దరికీ తెలుసు. ఇక తోసుకుపోయే బండి ఏదైనా చూడాలి. చెప్పడం తేలికే. ఇల్లు దాటగానే బొంబాయి లారీలు పోయే తారు రోడ్డు, దాని పక్క నుంచి దిగితే ఎర్ర మొరం బాట, తర్వాత చిన్న వాగులాంటి ఒర్రెలో ఇసుక, ఒర్రె దాటితే నల్లరేగడి. ఒక్క చేనుకు పోవడానికి దేవుడు ఇన్ని నేలలు పరిచి పెట్టాడు.

జహీరాబాద్‌లో కార్ఖానా ఆఫీసరు ఒకాయన ఇంట్లో పాపను తిప్పి మూలపడేసిన తోపుడు బండి ఒకటి ఉందని తెలిసి దేవమ్మ అడిగి తెచ్చుకుంది. నాలుగు బుల్లి చక్రాలు, మీద కుచ్చుల గొడుగు. తారు మీద పల్లకీలాగా పోయింది. మొరం మీదికి రాగానే నీలమ్మ పళ్ళు టకటకలాడాయి. ఇసుకలో చక్రాలు కూరుకుపోయి బండి అక్కడే కూలబడింది. అదీ గాక అది పసిపాపల బండి. నీలమ్మ కాళ్ళు నేలకు రాసుకుని మడమలు గీరుకుపోయాయి. దేవమ్మ మర్నాడే దాన్ని కడిగి తిరిగి ఇచ్చేసింది.

తర్వాత పట్నం నుంచి ఒక సంఘం వాళ్ళు వచ్చి మీటింగు పెట్టారు. పూలదండలు, ఫొటోలు, మైకులో పెద్ద మాటలు. నీలమ్మ పేరు పిలిచి చేతితో తిప్పుకునే మూడు చక్రాల బండి చూపించారు. బండి మంచిదే. కానీ కుడిచేతిలో సత్తువ లేని పిల్ల దాన్ని ఎట్లా తిప్పాలి? వెనుక నుంచి తోద్దామంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. చేనులోకి పోయే గట్టు సందులో దూరే వెడల్పూ కాదు. దేవమ్మ ఇదంతా వినయంగానే చెప్పింది. దండ వేసుకున్న పెద్దమనిషి చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇచ్చింది తీసుకోవాలమ్మా. అయినా పిల్ల ఇంట్లో కూర్చునేదే కదా, ఎక్కడికి పోయేదుంది?"

ధోతీ కట్టినవాడూ అదే మాట, ప్యాంటు తొడిగినవాడూ అదే మాట. దేవమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చేతులు బాగున్నోళ్ళకు ఇయ్యిన్రి సార్, పున్నెముంటది," అని పట్టేసిన నడుముతోనే పిల్లను భుజానికెత్తుకుని మీటింగులోంచి నడిచి వచ్చేసింది. ఫుకట్‌గా వచ్చినదాన్ని కాలదన్నుకున్నదని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో ఒక్కరైనా ఆ బండిని ఒర్రె దాకా తోసి చూస్తామన్నారా అంటే, లేదు.

చివరికి బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం నడిపే షరీఫ్ దగ్గరికి పోయింది. అతను అడిగిన మొదటి మాట కూడా అదే. కానీ అది నిజంగా అడిగిన మాట.

"బిడ్డ యాడికి పోవాలె చెప్పక్కా. తొవ్వను బట్టే చక్రం ఉంటది."

దేవమ్మ అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయింది. బిడ్డ ఎక్కడికి పోవాలని అడిగిన మనిషి ఎనిమిదేళ్ళలో ఇతనొక్కడే. తారు నుంచి రేగడి దాకా తోవంతా చెప్పింది. షరీఫ్ పాత సైకిల్ పైపులు అతికించి చట్రం కట్టాడు. వెనక రెండు, ముందు ఒకటి, మూడూ పిల్లల సైకిల్ చక్రాలే. మీద పేము కుర్చీ బిగించాడు, తోయడానికి వెనుక సైకిల్ హ్యాండిల్ పెట్టాడు. మూడు చక్రాలకూ తళతళలాడే మడ్‌గార్డులు వేసి, వాటిని తన చొక్కాతోనే తుడిచి మరీ ఇచ్చాడు. ఖర్చు సంగతి దేవమ్మ చూసుకుంది. అది అడిగే హక్కు ఎవరికీ లేదు.

బండి తారు మీద బాగుంది, మొరం మీద బాగుంది, ఇసుకలో కూడా గుంజుకుంటూ దాటింది. కానీ ముందురోజే వాన పడింది. రేగడిలో పది బారలు పోయేసరికి మట్టి చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డులో దట్టించుకుని, మూడు చక్రాలూ బిగుసుకుపోయాయి. రేగడి మట్టి సంగతి తెలిసినవాళ్ళు పట్టుకుంటే వదలదంటారు, నిజమే. దేవమ్మ పుల్లతో గీకింది, వేళ్ళతో గీకింది, చక్రం కదల్లేదు. అప్పుడే వెనక నుంచి చెన్నబసప్ప బండి వచ్చింది. ఎద్దులు వాటంతట అవే ఆగబోయాయి.

"నడువున్రి, మనకెందుకు," అని ఎద్దులకు చెప్పి ముల్లుగర్రతో పొడిచాడు. తమ్ముడి బిడ్డ బురద మధ్యలో కూర్చుని చూస్తూనే ఉంది. గొడ్లకున్న పాటి దయ మనిషికి లేకపోతే ఏం చెప్పాలి.

దేవమ్మ ముందు పిల్లను, తర్వాత బండిని, మార్చి మార్చి మోసుకుంటూ ఇల్లు చేరింది. తెల్లారి ఆ బురదబండితోనే షరీఫ్ దుకాణం ముందు నిలబడింది.

"షరీఫ్ భాయ్, ఈ రేకులు తీసెయ్యి."

షరీఫ్ ముఖం మాడిపోయింది. "మడ్‌గార్డు లేని బండి నా దుకాణంల కెల్లి బైటికి పోదక్కా. లుంగీ లేకుండ బజార్ల నిలబడ్డట్టుంటది. నా పేరు పోతది."

"నీ పేరు నా బిడ్డను బురదల నిలబెట్టింది. తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

షరీఫ్ గొణుక్కుంటూ పానా అందుకున్నాడు. తీసిన మడ్‌గార్డులను దుకాణంలో పైన, కనబడేట్టు తగిలించాడు. అవి తను వేశాడని నలుగురికీ తెలియాలని అతని తాపత్రయం.

మళ్ళీ వాన పడిన మర్నాడు బండి రేగడిలో ఆగకుండా పోయింది. చక్రాలు చిమ్మిన మట్టంతా నీలమ్మ మీదే పడింది. లంగా, జడలు, ముక్కు, అంతా నల్లరేగడే. తాజ్ బేగం చూసి లబలబలాడింది.

"అరే బేటీ, గిట్లయినవేంది?"

"చేనుకు పోయొచ్చిన ఖాలా," అంది నీలమ్మ, కూలికి పోయి వచ్చినదానిలాగా అలసటగా.

దేవమ్మ ఆ లంగాను ఉతకలేదు. బావ వచ్చిపోయే వాకిట్లో దండెం మీద అట్లాగే ఆరేసింది. గోడకు కూడా చెప్పలేని మాట ఆ లంగా చెబుతుందనుకుంది.

ఎల్ల అమాస వచ్చింది. ఎద్దులబండి గంటలు మోగించుకుంటూ ముందు వెళ్ళిపోయింది. దేవమ్మ తన బండి తోసుకుంటూ వెనుక బయలుదేరింది. రేగడి ఎండి నెర్రెలు విచ్చింది. ముందుచక్రం నెర్రెలో దిగబడ్డప్పుడల్లా హ్యాండిల్ మీద బరువు వేసి చక్రం పైకెత్తి దాటించింది. చేను చేరేసరికి పూజ అయిపోయింది. చెన్నబసప్ప అంబలి సర్వ పట్టుకుని గట్టు సందులో నిలబడ్డాడు. బండి రావడం చూశాడు, కదల్లేదు. జొన్నల వైపు తిరిగి అన్నాడు.

"సర్వ పట్టి తిరుగుడు నడిచేటోళ్ళ పని. కుంటికాలు చేను తొక్కొద్దు."

దేవమ్మ అలవాటుగా పక్కకు తిరిగింది. ఎద్దులు దూరంగా ఒర్రె దగ్గర కట్టేసి ఉన్నాయి. సంగప్ప నేల చూస్తున్నాడు. చుట్టూ జొన్నచేను, పైన ఆకాశం. చేనులో గోడ లేదు.

కొంగు తల మీద సరిచేసుకుంది. నిండుగా తిరిగి బావ ముఖంలోకి చూసింది.

"బావా, నా బిడ్డ కాలు చేను తొక్కది, ఫికర్ చెయ్యకున్రి. చక్రం తొక్కుతది. జర తొవ్వ ఇడువున్రి."

ఆ ఇంట్లో అట్లాంటిది ఎన్నడూ జరగలేదు. చెన్నబసప్పకు ఎటు చూడాలో తోచలేదు. ఆనుకోవడానికీ, జవాబు చెప్పడానికీ ఆయనకూ గోడ కావలసి వచ్చింది. ఒక అడుగు పక్కకు వేసి గట్టు మీదికెక్కాడు. అప్పుడు సంగప్ప ముందుకు వచ్చి, అన్న చేతిలోని సర్వ తీసుకుని కూతురి ఒడిలో పెట్టాడు. ఆ పని కిందటేడే చేయాల్సింది. ఇప్పటికైనా చేశాడు.

నీలమ్మ ఎడమచెయ్యి అంబలిలో ముంచి విసిరింది. సగం జొన్నల మీద పడింది, సగం పెదనాయన తెల్లధోతి మీద. చేను నాలుగు మూలలూ తిరిగి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయాక తల్లి ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి రొట్టె మీద భజ్జి వేసి ఇచ్చింది. నీలమ్మ వేలు పెట్టి చూసింది. వేడిగా ఉంది.