ఢీలాగా ఉందండీ

నా భార్య పోయిన నెల కన్నుమూసింది. ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసింది. రాయపూర్‌లోని మన తెలుగువాళ్లలో చాలామందికి ఆవిడ చేతి సూది గుర్తుండే ఉంటుంది. చివరి రోజు ఏం జరిగిందని అడిగినవాళ్లకి నేను సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇది.

పెళ్లయ్యాక నర్సాపురం నుంచి ఇక్కడికి వచ్చి హిందీ బాగానే నేర్చుకుంది. ఒక్క మాట మాత్రం ఆవిడకి ఎప్పుడూ నవ్వు తెప్పించేది. మేడ మీద సోలార్ పలకలు పెట్టించిన మొదటి వేసవిలో ఫ్యాన్లు ఆగి ఆగి తిరిగాయి. మెట్ల కింద ఇన్వర్టర్ దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన. కరెంటు మిస్త్రీ వచ్చి మూత విప్పి చూశాడు.

"అమ్మాజీ, తార్ ఢీలా హై."

"ఏవండీ, విన్నారా? వైరు ఢీలా పడిందంట! పాపం, దానికేం కష్టమొచ్చిందో."

హిందీలో ఢీలా అంటే వదులు అని ఆవిడకి తెలుసు. తెలిసే అంది. అర్థం కాకపోయినా మిస్త్రీ కూడా నవ్వాడు. పగలు కాగి రాత్రి చల్లారుతుంటే స్క్రూలు వదులవుతాయనీ, వదులైన చోట వైరు వేడెక్కి కాలుతుందనీ చెప్పి, బిగించి వెళ్లాడు.

ఆనాటి నుంచి మధ్యాహ్నం వంట కాగానే ఆవిడ ఇన్వర్టర్ దగ్గర నిలబడేది. వైరు తొడుగు మీద వేళ్ల వెనకవైపు ఆనించి చూసేది. రోగి నుదురు చూసే పద్ధతే. వేడి తగిలితే నాకు కేక: "ఢీలాగా ఉందండీ!" నేను స్విచ్చిలన్నీ ఆపి స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లేవాణ్ణి. కాస్త బద్ధకిస్తే, "మీరు ఎమ్మే చదివిన సంగతి వైరుకి తెలీదు లెండి, లేవండి" అనేది. చాలాసార్లు ఆవిడ చెప్పిందే నిజమయ్యేది.

ఆ రోజు నేను పేపరు చదువుతున్నాను. పడగ్గదిలోంచి అంది.

"ఢీలాగా ఉందండీ."

గొంతు కొంచెం చిన్నగా ఉంది. అది ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నేను లేచి మెట్ల కిందికి వెళ్లాను. స్విచ్చిలు ఆపాను. మూత విప్పాను. ఒక్కో స్క్రూ తిప్పి చూశాను. ఏదీ వదులుగా లేదు.

"అన్నీ బిగుతుగానే ఉన్నాయే! ఈసారి నీ చెయ్యే తప్పు" అని అక్కణ్ణుంచే అరిచాను.

జవాబు రాలేదు. నవ్వుకుంటోందనుకున్నాను. మూత బిగించి, స్విచ్చిలు వేసి, చేతులు కడుక్కుని వెళ్లాను. మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. అప్పటికే అయిపోయింది.

గుండె అన్నాడు డాక్టరు. వెంటనే తీసుకొచ్చినా చెప్పలేమన్నాడు. అది నిజమో, ఆయన మంచితనమో నేను అడగలేదు. ఆవిణ్ణీ అడగలేదు. "ఏది?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది.

ఇప్పుడు మధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర నేను నిలబడుతున్నాను. మా వైపు ఫ్యాక్టరీల నుంచి గాలికి వచ్చే నల్ల దుమ్ము వైర్లన్నిటి మీదా పేరుకుంది. ఆవిడ రోజూ వేళ్లు ఆనించిన చోట మాత్రం ఎర్ర వైరు బెత్తెడు మేర ఇంకా నిగనిగలాడుతోంది. నేను దానికి కొంచెం కింద చెయ్యి ఆనిస్తాను. వైరు చల్లగానే ఉంటుంది. పైన ఆ ఎరుపు రోజురోజుకీ కాస్త తగ్గుతోంది.