గోడ మీద అక్క పేరు

మా వాషర్‌మెన్‌పేట్ బాస్కెట్‌బాల్ కోర్టు గోడ మీద గొప్ప ఆటగాళ్ళ పేర్లు పెయింటుతో రాస్తారు, అదీ వాళ్ళు ఆట మానేశాకే. మా అక్క ఆడుతున్నది రెండేళ్ళే అయినా అప్పుడే రెండుసార్లు ఉత్తమ క్రీడాకారిణి అయింది! ఆమె పేరు ఇప్పుడే రాయాలని, 'చిరస్మరణీయం' అనే మాట మూడుసార్లు వాడి, ఈ రోజు కోచ్ సార్‌కి అర్జీ ఇచ్చాను.

ఆయన మొత్తం చదివి నవ్వారు. "బాగా రాసినావు పాపా. అయితే ఈడ రెండేళ్ళ ఆటకి చాక్‌పీసే. వానొస్తే పోతాది."

"పోతే మళ్ళీ రాస్తాను సార్!"

"నువ్వు రాస్తే చాలదమ్మా. మీ అక్క మళ్ళీ గెలవాల."

నేనే చాక్‌పీసుతో అక్క పేరు పెద్ద అక్షరాలతో రాశాను. అప్పుడే వచ్చిన అక్క గోడను చూసింది, మబ్బుల్ని చూసింది, వెంటనే బంతి తీసుకుని కోర్టులోకి పరుగెత్తింది!

మీరైతే రెండేళ్ళ ఆటకు ఏమిచ్చేవారు, పెయింటా, చాక్‌పీసా?