కూలిన గోడ కింద పాప

మా మొదటి పాప నెలలు నిండకుండా పుట్టి, మర్నాడు తెల్లవారకముందే పోయింది. అప్పుడు మేం అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అంత్యక్రియలు ఎలా చేయాలనుకుంటున్నారని ఆసుపత్రిలో నర్సు మెల్లగా అడిగింది. మా ఇద్దరికీ ఏమీ తెలియదు. నా భర్త మా అమ్మకు వీడియో కాల్ చేశాడు.

"పసిగుడ్డుని కాల్చరు బాబూ," అంది అమ్మ. కళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది. "మట్టికి అప్పజెప్పాలి. కాస్త చెట్టూ చేమా ఉన్న చోటు చూడండి."

ఊళ్ళో పెద్ద శ్మశానం చూశాం. పక్కనే హైవే. ట్రక్కుల మోతలో పాపను వదిలి రావడానికి నాకు మనసొప్పలేదు. ఆ నర్సుకే ఒక చోటు తెలుసు. పడమటికి గంటసేపు డ్రైవ్ చేస్తే, మొక్కజొన్న పొలాల మధ్య పాడుబడిన రాతి చాపెల్ ఒకటి ఉందని, దాని పక్కన చిన్న శ్మశానం ఉందని చెప్పింది.

ఆ చాపెల్ రాళ్ళు ఈ దేశానివి కావు. వందేళ్ళ కిందట డబ్బున్న రైతొకాయన ఫ్రాన్స్‌లో శిథిలమైపోతున్న మధ్యయుగపు ప్రార్థనామందిరాన్ని కొని, గోడలు విప్పించి, ఓడలో తెప్పించి, తన పొలంలో మళ్ళీ పేర్చించాడట. ఆయన తరవాత పట్టించుకున్నవాళ్ళు లేరు. మేం వెళ్ళేసరికి కప్పు లేదు. మూడు గోడలు, ఒక కిటికీ కమాను మిగిలాయి.

శ్మశానం బాగోగులు చూసే ముసలావిడ పక్క పొలంలోని ఇంట్లో ఒంటరిగా ఉండేది. మా మతమేమిటని అడగలేదు. పాప పేరు మాత్రం అడిగింది. మేం ఇంకా పేరు పెట్టలేదు. ఏం చెప్పాలో తోచక నా భర్త "పాప" అన్నాడు.

ఆవిడ అదే పేరనుకుంది. "పాపా," అని ఒకసారి పలికి చూసుకుంది. "మేం నాన్నని అలా పిలుస్తాం," అంది.

నా భర్త ముఖం తిప్పుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఉత్తరపు గోడ పక్కన పసిపిల్లల వరస ఉంది. పాపను అక్కడే ఉంచాం. అమ్మ చెప్పినట్టు కాసిని పాలు పోసి, గుప్పెడు మట్టి వేశాం.

ఆ తరవాత శనివారాలు నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని.

"ఈసారైనా రావా?" అని అడిగితే, "ఆఫీసులో రిలీజ్ ఉంది, నువ్వు వెళ్ళిరా," అనేవాడు. ఒకరోజు గట్టిగా అడిగాను. "ప్లీజ్, నన్ను ఫోర్స్ చెయ్యకు," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పాపను అప్పుడే మరిచిపోయాడని కోపం వచ్చింది. చాలా నెలలు ఆ కోపంతోనే వంట చేశాను, పక్కన పడుకున్నాను.

ముసలావిడ మడత కుర్చీ తెచ్చుకుని నా దగ్గర కూర్చునేది. ఆ వరసలోనే ఆవిడ కొడుకూ ఉన్నాడని చాన్నాళ్ళకు తెలిసింది.

"తరవాత నలుగుర్ని కన్నాను," అంది. "పిల్లలెంతమంది అని అడిగితే ఐదుగురనే చెప్తాను. నువ్వూ అలాగే చెప్పు, అమ్మాయీ. జనం కాస్త ఇబ్బంది పడతారు. పడనీ."

రెండేళ్ళ తరవాత ఒక వసంతకాలంలో పెద్ద గాలివాన వచ్చింది. పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది. ఉత్తరపు గోడ పిల్లల వరస మీద పడిపోయిందని చెప్పింది. నేను ఆ మాట చెప్పగానే నా భర్త కారు తాళాలు తీసుకున్నాడు.

ఎక్కడ ఎవరి పిల్లలున్నారో తెలియకుండా రాళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన కోటు తీసి పక్కన పడేసి, వంగి రాయి ఎత్తాడు. తరవాత ఇంకొకటి. వేళ్ళు చీరుకుపోయి రక్తం వస్తోంది.

"ఆగు, మెషీన్ పంపిస్తారంట," అన్నాను.

"ఇంత బరువు పాప మీద ఎట్లుంచుతం?" అన్నాడు. ఇంకో రాయి పట్టుకుని అది కదలకపోయేసరికి, దాని మీదే తల ఆనించి పెద్దగా ఏడ్చాడు. పాప పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. "నేను వస్తే అది నిజమైతదని భయమైంది," అన్నాడు. పక్కన కూర్చుని నేనూ రాళ్ళు తీయడం మొదలుపెట్టాను. పెద్దవి ఎత్తలేని ముసలావిడ చిన్న ముక్కలన్నీ ఏరి, ఏప్రన్‌లో వేసుకుని గట్టు మీద పోసి వచ్చేది. చీకటిపడేదాకా చేసినా గుట్ట తరిగినట్టే అనిపించలేదు.

మిగిలిన గోడలు కూడా ప్రమాదమని ఆ వేసవిలో దించేశారు. రాళ్ళు ట్రక్కులో ఎటో తీసుకుపోయారు. నేల చదును చేసి, పిల్లల గుర్తురాళ్ళు సుమారుగా పాత వరసలోనే పెట్టారు. మా పాప సరిగ్గా ఆ రాయి కిందే ఉందని ఎవరూ చెప్పలేరు. ముసలావిడ కూతురి దగ్గర ఉండడానికి అరిజోనా వెళ్ళింది. పోయిన చలికాలంలో అక్కడే కన్నుమూసిందని ఆ కూతురే ఫోన్ చేసి చెప్పింది. కొడుకు పక్కన ఆవిణ్ణి పెట్టడానికి వీలుపడలేదట.

ఇప్పుడు మేమిద్దరం కలిసే వెళ్తున్నాం. ఆయన వరస పొడవునా కలుపు తీస్తాడు, మా రాయి ఒక్కటే కాదు, అన్నిటి చుట్టూ. గోడ అడ్డం లేకపోవడంతో పొలాల మీదుగా వచ్చే గాలి నేరుగా తగులుతుంది. చలికాలంలో ఎక్కువసేపు నిలబడలేం.