వెంకటసుబ్బులు ఇవ్వని కత్తి

రేపల్లె చేపల మార్కెట్లో వెంకటసుబ్బులు ఇరవై ఏళ్లుగా చేపలు కోస్తోంది. పండుగప్పను చెక్క మొద్దు మీద పెట్టి, మూరెడు కత్తితో నాలుగు దెబ్బల్లో ముక్కలు చేస్తుంది. పనయ్యాక ఆ కత్తిని కడిగి, గోనెపట్టాలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది.

ఈ మధ్య మా ఊళ్లో మగతనానికి కొత్త కొలత వచ్చింది. పుట్టినరోజు కేకును నడిరోడ్డు మీద, బైకు సీటుపై పెట్టి వేటకత్తితో కోయాలి. దాన్ని రీలు చేయాలి. అరకిలో కేకు మీద ఈ వీరుల ప్రతాపానికి పెద్దలూ చప్పట్లు కొడతారు. కత్తులతో ఆడొద్దని కాలేజీ పిల్లలకు బోధించడానికి మొన్న ఒక నాయకుడొచ్చాడు. ఆయనకు స్వాగతం పలికిన ఫ్లెక్సీలో ఆయన చేతిలోనే తళతళలాడే కత్తి!

ఆదివారం సుబ్బులు మేనల్లుడు నాగశివకు పద్దెనిమిది నిండాయి. తల్లి లేదు, తండ్రి జైల్లో ఉన్నాడు. పెంచింది సుబ్బులే. నేను మా ఆరేళ్లవాడి చెయ్యి పట్టుకుని చేపల కోసం నిలబడి ఉండగా నాగశివ తన స్నేహితుడు చంటితో వచ్చాడు.

"అత్తా, ఆ కత్తి పది నిమిషాలివ్వవే. కేక్ కోసి తెచ్చిస్తాం."

"కేకుకి ఇదేంటిరా?"

"వీడెవరి కొడుకనుకున్నావత్తా?" అన్నాడు చంటి. "వాళ్ల నాన్న ఒక్క పోటుకే లేపేశాడంటగా!"

నాగశివ ఛాతీ కాస్త ఉబ్బింది. సుబ్బులు కోయడం ఆపింది.

"లేపేశాడా? దారికి అడ్డంగా పెట్టిన బైకు తియ్యలేదని, బెదిరిద్దామని అవతలోడి తొడలో గుచ్చాడురా మీ హీరో. తొడేగా, ఏమవుద్దిలే అనుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో వచ్చేలోపే పోయాడు వాడు. ఈయనగారేమో ఇంటికొచ్చి నా మంచం కింద దూరాడు. పోలీసులు కాళ్లు పట్టి లాగితే 'అక్కా, అక్కా' అని ఏడిచాడు. లుంగీ తడిపేసుకున్నాడు."

తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుందని నేను బీఎస్సీలో చదివాను. ఆ పాఠం ఆమెకు సొంత తమ్ముడు నేర్పాడు.

నాగశివ ముఖం నల్లబడింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటత్తా?"

"సిగ్గేసిందిరా. రేపు ఆ మంచం కింద నుంచి నిన్ను లాగుతుంటే నేను చూడలేను."

చంటి ఫోను ఎత్తి పట్టుకునే ఉన్నాడు. "తీస్కోరా కత్తి, టైమవుతోంది."

"కేక్ డబ్బాలో ప్లాస్టిక్‌ది ఉంటదిగా," అన్నాడు నాగశివ. "అది చాల్లే."

"పరువు పోద్దిరా!"

"అరకిలో కేకంత పరువు, పోతే పోనీలేరా," అని సుబ్బులు మళ్లీ చేప మీదికి వంగింది.

మేము బయటికొచ్చేసరికి మార్కెట్ గేటు దగ్గర నాగశివ ప్లాస్టిక్ కత్తితో కేకు కోస్తున్నాడు. కేకు చక్కగానే తెగింది. రీలు మాత్రం ఎవరూ తీయలేదు.