ఎలక్టోరల్ కాలేజీలో సీటు

శ్రీరస్తు. విఘ్నాలను తొలగించే ఏకదంతునికి సాష్టాంగ నమస్కారం. ఆ నమస్కారం వెంటనే ఒక నిష్ఠూరం కూడా. స్వామీ, దుర్ముఖి నామ సంవత్సర కార్తిక బహుళ చతుర్దశి, భానువారం మధ్యాహ్నం, నేను మైకు ముందు నోరు తెరచిన ఆ దుర్ముహూర్తాన ఒక్క విఘ్నం, ఒక దగ్గో, తుమ్మో, కరెంటు కోతో, నాకు ప్రసాదించి ఉంటే నీ ఉండ్రాళ్లు తరిగిపోయేవా? అమెరికాలో కరెంటు పోదంటావా? సరే, దగ్గుకేమొచ్చింది?

సంవత్సరం పేరే దుర్ముఖి. ఎవరిదో ముఖం చెల్లకుండా పోతుందని పంచాంగం ఉగాదినాడే హెచ్చరించింది. అది నా ముఖమేనని గ్రహించే పాటి జ్యోతిషం నాకు రాదు. పాఠక మహాశయులారా, నా పాండిత్య ప్రకర్ష వల్ల ఆ కార్తికంలో ఒక ఆడపిల్ల చదువు గంగలో కలవబోయింది. ఇల్లినాయి రాష్ట్రంలో గంగ లేకపోబట్టి బతికిపోయింది.

అప్పటికి నేను ప్రాచ్య కళాశాలలో ఆంధ్రోపన్యాసక పదవి నుంచి విరమించి, ఆ రాష్ట్రంలోనే నేపర్‌విల్ అనే ఊళ్లో మా అమ్మాయి శారద ఇంట కాపురం పెట్టి ఆరు నెలలైనా కాలేదు. శారద వృత్తిరీత్యా ఫార్మసిస్టు, ప్రవృత్తిరీత్యా ఒక రాజకీయ పక్షానికి వీరభక్తురాలు. వారాంతాలలో ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టేది. అధ్యక్ష ఎన్నిక ముగిసిన మూడో నాటి సాయంకాలం బెండకాయలు వేయిస్తూ, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎవరో స్నేహితురాలితో అంటున్నది:

“అవునే, కన్‌ఫర్మ్ అయింది! ఎలక్టోరల్ కాలేజీకి నేనూ సెలెక్ట్ అయ్యాను. ఇల్లినాయి మొత్తానికి ఇరవై మందిమే!”

కళాశాల అన్న మాట వినగానే నా చెవులు, గడ్డి చప్పుడు విన్న ఆవు చెవులలాగా నిక్కపొడుచుకున్నాయి. ఫోను దించగానే అడిగాను.

“ఏమిటమ్మా, కళాశాలా?”

“ఆఁ నాన్నా, ఎలక్టోరల్ కాలేజ్. డిసెంబర్‌లో మన స్టేట్ క్యాపిటల్ స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లాలి.”

“దేశం మొత్తానికి ఎన్ని సీట్లేమిటి?”

“ఐదువందల ముప్పై ఎనిమిది. ఒక్కో స్టేట్‌కి ఇన్నని ఉంటాయి. కాలిఫోర్నియాకి యాభై ఐదు, మనకి ఇరవై.”

“జనాభాను బట్టి కోటా అన్నమాట.”

“అబ్బ! ఎంత కరెక్ట్‌గా చెప్పావు నాన్నా! ఇక్కడ పుట్టినవాళ్లకే సగంమందికి తెలీదు.”

ఈ మెప్పే నా కొంప ముంచింది. “అయితే అక్కడ నీవు చేయవలసిన పని?” అన్నాను.

“ఎవరిని సెలెక్ట్ చెయ్యాలో ఓటు వెయ్యడం.”

“అభ్యర్థులకు పరీక్ష పెట్టా?”

“పరీక్షేముంది? ఎవరికి వెయ్యాలో ముందే డిసైడ్ అయిపోయి ఉంటుంది. వెళ్లి, సంతకం పెట్టి, ఫొటో దిగి రావడమే.”

ఇక సందేహానికి తావెక్కడిది? నా ఉద్యోగ జీవితంలో నేను కూర్చున్న ప్రతి ఎంపిక సంఘమూ అక్షరాలా ఇట్లాగే నడిచింది. ముందే నిర్ణయం, ఆపైన సంతకం, చివర ఫొటో. ఈ దేశంలో కాఫీ కూడా అక్కడ ఉన్నంత బాగుంటుందా అన్నది మాత్రమే నాకు మిగిలిన శంక.

“అది దేశాధ్యక్షుని ఎన్నుకొనే సభ కదయ్యా మూర్ఖుడా!” అని మీరు ఇప్పుడు పళ్లు నూరుతున్నారు. కాని నా పక్షాన కూడా తర్కమున్నది. అధ్యక్షుని ఎన్నిక మంగళవారమే అయిపోయింది. జనమంతా వరుసలు కట్టి ఓట్లు వేశారు. తెల్లవారేసరికి ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. పెళ్లి జరిగిపోయిన మూడో నాడు ఎవరైనా మళ్లీ పెళ్లిచూపులకు బయలుదేరుతారా? ఈ దేశంవారు బయలుదేరుతారని నాకెవరు చెప్పారు?

దానికి తోడు నా పాండిత్యం తోకముడిచి కూర్చోలేదు. ‘ఎన్నిక’ అనే మాటకు నేటివారికి ఓట్లపెట్టె తప్ప మరేదీ తోచదు గాని, పాత తెలుగులో గొప్పతనమని అర్థం. ఎన్నికగన్నవాడంటే నలుగురూ ఎన్నదగిన శ్రేష్ఠుడు. కనుక ఎలక్టోరల్ కాలేజీ అనగా ఎన్నికగన్నవారి కళాశాల! సమాసం పనసతొనలాగా అలవోకగా విడిపోయింది. ఆ రాత్రి నాకు నేనే శాలువా కప్పుకొని పడుకున్నాను.

మరునాడు నది ఒడ్డు నడకదారిలో రాజలింగంగారు కనిపించారు. కరీంనగర్‌లో తహశీల్దారుగా చేసి, కొడుకు మహేందర్ దగ్గర ఉంటున్నారు. నాకు ఇక్కడ దొరికిన ఏకైక నడక నేస్తం. ఆనాడు ఆయన ముఖం ఆరబెట్టిన వడియంలాగా ఉన్నది.

“ఏం చెప్పాలె సారూ! మా మనుమరాలు నిహారిక పొలిటికల్ సైన్స్ చదువుతనంటది. మా మహేందర్ కంప్యూటర్స్ తప్ప వేరే ముచ్చటే లేదంటడు. తండ్రీబిడ్డలు వారం సంది మాట్లాడుకుంటలేరు. నెలాఖరు లోపట స్టేట్ యూనివర్సిటీకి అప్లికేషన్ పంపాలె. పిల్లేమో కండ్లల్ల నీళ్లు పెట్టుకొని, రేపోమాపో కంప్యూటర్స్ అనే రాసి పంపేటట్టున్నది.”

“ఆపించండి!” అన్నాను, యుద్ధభూమిలో శంఖం ఊదినట్టు. “ఎలక్టోరల్ కాలేజీ పేరు విన్నారా?”

“ఇనకేంది సారూ! టీవీల పొద్దుమాపు గదే పేరు. మావోడు అన్నం మరిచి సూస్తడు. గది కాలేజీనా?”

“కాలేజీయే. మా శారద దాని ఎంపిక సంఘంలో ఉన్నది.”

“అబ్బో! గా సీట్ల కోసం రెండు పార్టీలోళ్లు కొట్టుకొని సస్తున్నరని మావోడంటుండె.”

“చూశారా! రాజకీయ సిఫారసు లేనిదే దొరకదన్నమాట. రాజనీతి చదవాలనుకునే పిల్లకు ఇంతకంటె తగిన చోటేది? నిహారిక సీటు నా పూచీ.”

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఇద్దరం కలసి మరొక ఘనకార్యం కూడా చేశాం. ఈ శుభవార్తను ఇక్కడి తెలుగువారి కార్తిక వనభోజనాలనాడు నలుగురిలో ప్రకటించి పిల్లను ఆశ్చర్యపరచాలని తీర్మానించాం. అందాకా కాలేజీ పేరు చెప్పకుండా, “అప్లికేషన్ పంపకు బిడ్డా, సారు నీకు మంచి పొలిటిక్స్ కాలేజీ చూసిండు” అని మాత్రం ఆయన మనుమరాలి చెవిన వేశారు. ఇంట్లో తన పక్షాన ఒక్కరైనా నిలిచినందుకు ఆ పిల్ల తాతగారి మెడ చుట్టూ చేతులు వేసి మురిసిపోయిందట. పేరు ఆనాడే చెప్పి ఉంటే సందడి అక్కడే ముగిసేది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, పగలబడి నవ్వి అప్లికేషన్ పంపేసుకొనేది. కాని రహస్యమనేది ముసలివాళ్ల చేతిలో మతాబా కదా, వెలిగించకుండా ఎట్లా ఉంటాం?

వనభోజనాల రోజు వచ్చింది. బయట చలి కోసేస్తుండడంతో వనం లేని వనభోజనాన్ని ఒక హాలులో ఏర్పాటు చేసి, మూలన కుండీలో చిన్న ఉసిరిమొక్కను నిలిపారు. పులిహోర, పనసపొట్టు కూర, గుత్తివంకాయ. కార్తిక మహిమ గురించి రెండు మాటలు చెప్పమని నా చేతికి మైకు ఇచ్చారు. పండితుని చేతికి మైకు, కోతి చేతికి కొబ్బరికాయ. చెప్పవలసిన రెండు మాటలూ చెప్పి, మూడోది మొదలుపెట్టాను.

“మరొక శుభవార్త. మా శారద ఎలక్టోరల్ కాలేజీకి ఎంపికైన సంగతి మీకు తెలిసే ఉంటుంది.”

హాలు దద్దరిల్లేలా చప్పట్లు. చూశారా విధి వంచన! ఆ సంగతి నిజంగానే అందరికీ తెలుసు. ఆ చప్పట్లు నన్ను ఏనుగు ఎక్కించాయి.

“కావున పిల్లల మార్కుల పత్రాలు నాకు అందజేయవలసింది. యోగ్యతను బట్టి చూస్తాం. ఇప్పటికి ఒక్క సీటు మాత్రం రాజలింగంగారి మనుమరాలు చిరంజీవి నిహారికకు ఖాయం!”

చప్పట్లు తెగిన వీణ తీగలాగా ఆగిపోయాయి. శారద పులిహోర పళ్లెంలోకి ముఖం దించింది. వెనుక వరుస నుంచి ఒక కుర్రవాని గొంతు, ఎంతో వినయంగా, లేచింది.

“మాస్టారూ, క్యాంపస్ ఎక్కడండీ?”

“స్ప్రింగ్‌ఫీల్డ్ నాయనా.”

“క్లాసులు ఎన్నాళ్లండీ?”

“ఒక్కరోజే. అంతటి కుశాగ్రబుద్ధులు!”

“మరి హాస్టల్ ఉందాండీ?”

“అది విచారించి చెబుతాను.”

అంతే. హాలు మొత్తం ఒక్కసారి పేలింది. పనసపొట్టు ఒకరికి పొలమారింది, ఒకావిడ కుర్చీతో సహా వెనక్కు వాలింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంటారు. గోడ లేదు, గంట లేదు, నా కళాశాలకు హాస్టలొకటి! నేను ఇంకా చిరునవ్వుతో నిలబడే ఉన్నాను. నా హాస్యచతురతకే అందరూ నవ్వుతున్నారనుకున్నాను.

నవ్వనిది నిహారిక ఒక్కతే. లేచి నిలబడింది. ముఖం తెల్లబోయి ఉన్నది.

“తాతా, అందుకేనా నన్ను అప్లికేషన్ సెండ్ చెయ్యొద్దు అన్నారు? అది కాలేజ్ కాదు తాతా! ఈ వీక్‌లోనే డెడ్‌లైన్!”

మహేందర్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. “ఏంది? అప్లికేషన్ ఇంకా పోలేదా? నాయినా, నువ్వు ఆపినవా?”

“సారు చెప్పిండ్రు కొడుకా,” అన్నారు రాజలింగంగారు, తన జీవితంలో మొదటిసారి తహశీల్దారు ఎదుట నిలిచిన గ్రామస్థునిలాగా.

రెండువందల జతల కళ్లు నా మీద వాలాయి. శారద పళ్లెం లోంచే, “నాన్నా, మైకు కింద పెట్టు,” అన్నది. అప్పుడు నిహారిక వచ్చి, నా ముఖం చూసి, ఏమనుకున్నదో ఏమో, మైకును మెల్లగా తీసుకున్నది.

“ప్లీజ్, తాతగారిని లాఫ్ చెయ్యకండి. ఆయన సీట్స్ అన్నారు, అది కరెక్టే. స్టేట్ కోటా అన్నారు, అదీ కరెక్టే. మనం ఓటు వేస్తే డైరెక్ట్‌గా ప్రెసిడెంట్‌కి పోదు. ఆల్మోస్ట్ అన్ని స్టేట్స్‌లో, ఆ స్టేట్‌లో ఎవరు ఫస్ట్ వస్తే సీట్స్ అన్నీ వాళ్లకే. సెకండ్ వస్తే జీరో. టూ సెవెంటీ సీట్స్ వస్తే ప్రెసిడెంట్. స్టేట్‌లో గెలిచిన పార్టీ పంపే శారద ఆంటీ వాళ్లు వెళ్లి వేసేదే రియల్ ఓటు.”

“ఆగాగు,” అన్నాడు మహేందర్. “అంటే దేశం మొత్తంల ఎక్కువ ఓట్లు వచ్చినోడు ఓడిపోవచ్చా?”

“అవును డాడీ. ఈసారి అదే అయింది కదా!”

“పద్దెనిమిదేండ్ల సంది ఈడ ఉంటున్న. ఎట్లయితదో నాకు ఎవ్వలూ సమజయ్యేటట్టు చెప్పలే. ఎట్ల?”

నిహారిక తండ్రి వైపు తిరిగింది. “డాడీ, ఒక స్టూడెంట్‌కి మ్యాథ్స్‌లో హండ్రెడ్, మిగతావాటిలో థర్టీ ఫోర్…”

“టోటల్ ఎక్కువే ఉన్నా ఫెయిలే!” అని అరిచారు రాజలింగంగారు, చెరువుకట్ట తెగినట్టు. “సబ్జెక్టులు పాసవ్వాలె! రాష్ట్రాలు సబ్జెక్టులన్నట్టు!”

హాలంతా “ఓహో!” అన్నది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఈ దేశంలో ఎన్ని ఓట్లు గెలిచామని కాక, ఎవరెవరి ఇంట గెలిచామన్నది లెక్కట.

నేను నా శేష గౌరవాన్ని కూడగట్టుకొని అడిగాను. “మరి దానిని కాలేజీ అనడం దేనికమ్మా?”

“కాలేజ్ అంటే ఓల్డ్ మీనింగ్ గ్రూప్, తాతగారూ. మీటింగ్ లాగా.”

పరిషత్తు! నా జీవితమంతా పరిషత్తులలోనే గడచింది. ఆ మాట నాలుక చివర ఉండగా, నేను గోడలూ గంటా హాస్టలూ కట్టించాను.

మహేందర్ చేయి కడుక్కొని వచ్చాడు. కూతురి వంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. “లాప్‌టాప్ కార్ల ఉన్నదా?” అన్నాడు.

“ఉంది. కంప్యూటర్సే రాస్తాలే డాడీ.”

“ఎవలు రాయమన్నరు? నువ్వనుకున్నదే రాయి.” రెండడుగులు వేసి వెనక్కు తిరిగి, “గాని పక్క సబ్జెక్టుగ, మైనర్‌గ, కంప్యూటర్స్ తీస్కో,” అన్నాడు. ఎంత కరిగినా నేపర్‌విల్ తండ్రి నేపర్‌విల్ తండ్రే.

ఉసిరికుండీ పక్కన కూర్చుని ఆ పిల్ల అప్లికేషన్‌తో జతచేయవలసిన వ్యాసాన్ని అప్పటికప్పుడు మార్చి రాసి పంపింది. మొదటి వాక్యం ఇదట: “నాకు దొరికిన మొదటి కాలేజీ సీటు, గోడలు లేని కాలేజీలో, ఒక తెలుగు మాస్టారు ఇప్పించారు.”

కావున, సూర్యచంద్రులు సాక్షిగా, ఉసిరిమొక్క సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీద ఏ ఆంగ్ల సమాసాన్నయినా పుట్టు పూర్వోత్తరాలు విచారించనిదే విడదీయను. విడదీసినా మైకు ముందు విడదీయను. మైకు ముందు విడదీయవలసి వస్తే, ముందుగా శారదకు చూపించి సంతకం తీసుకుంటాను. ఎట్లాగూ ముందే నిర్ణయమైన దానికి సంతకం పెట్టడంలో ఆమెకు అనుభవమున్నది.

2016 డిసెంబరు 19, సోమవారం ఉదయం, శారద స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఓటు వేసి, సంతకం పెట్టి, ఫొటో దిగింది. నేనూ వెంట వెళ్లాను. 2017 ఆగస్టులో నిహారిక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో చేరింది. హాస్టలు ఉన్నది.